పాత స్పోర్ట్స్ కారు కొనేవాళ్లకి హెచ్చరిక: ఆయిల్ ప్రెషర్ ముల్లు చూసి డబ్బు కట్టకండి

ఇంజిన్ ఇంకా ముక్కలు ముక్కలుగా బల్ల మీదే ఉంది. కోపం చల్లారాక నింపాదిగా రాద్దామనుకున్నా కానీ, ఈలోగా ఇంకెవరైనా నాకు ఈ కారు అమ్మినవాడి దగ్గరికి వెళ్లి డబ్బు కట్టేస్తారేమోనన్న భయంతో ఇప్పుడే రాస్తున్నాను. పేరు రాయను. పాత పెర్ఫార్మెన్స్ కార్లు వెతికేవాళ్లలో సగం మందికి అతను ఎవరో ఈపాటికే అర్థమై ఉంటుంది. ప్రతి ప్రకటనలోనూ మొదటి ఫొటో ఇంజిన్‌ది ఉండదు, మీటర్లది ఉంటుంది. ఇంజిన్ భాగాలకి ఆయిల్ ఎంత ఒత్తిడితో అందుతోందో చూపే ఆయిల్ ప్రెషర్ ముల్లు నిక్కబొడుచుకుని ఉంటుంది. అతనే.

కారు వివరాలు పెద్దగా అక్కర్లేదు. ఎనభైల చివర్లో తయారైన టర్బో కారు, బాడీ బాగుంది, కాగితాలు సరిగ్గానే ఉన్నాయి. నేను వెళ్లేసరికే ఇంజిన్ నడుస్తూ ఉంది. "మీరొస్తున్నారని ముందే వేడెక్కించి ఉంచాను సార్. చల్లటి ఇంజిన్‌ని తీసుకెళ్లి రైజ్ చేస్తే పాడవుతుంది కదా" అన్నాడు. ఆ మాట వింటే కారంటే ప్రాణం పెట్టే మనిషి అనే ఎవరైనా అనుకుంటారు. ఆ మాట వెనకాల ఏముందో తర్వాత చెబుతాను.

టెస్ట్ డ్రైవ్‌లో 3000 ఆర్‌పీఎం దగ్గర ముల్లు 5 బార్ (ఒత్తిడి కొలత) మీద నిలబడింది. సిగ్నల్ దగ్గర ఆగితే ఐడ్లింగ్‌లో రెండున్నర చూపించింది. ప్రతి 1000 ఆర్‌పీఎంకి కనీసం 10 పీఎస్ఐ, అంటే సుమారు 0.7 బార్ ఉండాలని పాత ఇంజిన్ల వాళ్లందరూ చెప్పుకునే లెక్క ఒకటుంది. ఆ లెక్కన 3000 దగ్గర రెండు బార్ చాలు. ఇక్కడ అయిదు! పక్క సీట్లో కూర్చున్న ఆయన గేజ్ అద్దం మీద వేలితో టక్‌టక్‌మని కొట్టి, "నేను చెప్పడం ఎందుకు సార్, గేజే చెబుతోంది కదా. సెండర్ కూడా కొత్తది వేయించాను" అన్నాడు. సెండర్ అంటే ఇంజిన్‌లో ప్రెషర్‌ని కొలిచి గేజ్‌కి పంపే సెన్సర్. ఆయిల్ టెంపరేచర్ ముల్లు మాత్రం అడుగునే ఉండిపోయింది. అడిగితే "ఈ మోడల్‌లో అది ఎవరికీ పనిచేయదు సార్" అని కొట్టిపారేశాడు.

కొన్నాను. ఇంటికొచ్చాను. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్‌ని స్టార్ట్ చేశాను.

ముల్లు ఒక్క ఊపులో 10 బార్ దాకా వెళ్లి, చివరి గీత అవతల ఉండే పిన్నుకి ఆనుకుని ఆగిపోయింది. అలాగే వణుకుతూ ఉంది. నా గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే ఈ ఇంజిన్‌లో రిలీఫ్ వాల్వ్ 5 బార్ దగ్గర తెరుచుకుంటుంది. పంపు అంతకంటే ఎక్కువ ఒత్తిడి పుట్టిస్తే ఆ వాల్వ్ తెరుచుకుని మిగతా ఆయిల్‌ని వెనక్కి వదిలేస్తుంది. చల్లటి ఆయిల్ చిక్కగా ఉండి ప్రెషర్ ఎక్కువ చూపిస్తుందన్నది నిజమే, కానీ అయిదు దగ్గర ఆగాల్సింది పది దాకా పోవడం జరిగే పని కాదు. అయితే వాల్వ్ బిగుసుకుపోయి ఉండాలి, లేదంటే గేజ్ అబద్ధం చెబుతూ ఉండాలి.

వెంటనే ఆఫ్ చేసి, కారు జాకీ మీద లేపి, టార్చ్ పట్టుకుని కింద దూరాను. జిడ్డు, మట్టి పట్టిన బ్లాక్ మీద సెండర్ ఒక్కటే తళతళ మెరుస్తోంది. గుడ్డతో తుడిస్తే, స్పానర్ పట్టే ఆరు పలకల అంచు మీద అచ్చు గుద్ది ఉంది: 5 బార్. డ్యాష్‌బోర్డులో గేజ్ స్కేలు 10 బార్.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సెండర్ అంటే ప్రెషర్‌ని బట్టి మారే రెసిస్టర్, అంతే. వీడీవో (గేజ్‌లు తయారుచేసే కంపెనీ) రకంలో సున్నా ప్రెషర్ దగ్గర సుమారు 10 ఓమ్‌లు, పూర్తి స్కేలు దగ్గర సుమారు 180 ఓమ్‌లు ఉంటుంది. గేజ్‌కి బార్‌లు తెలియవు, ఓమ్‌లే తెలుసు. 180 ఓమ్‌లు రాగానే ముల్లుని చివరికి తీసుకెళ్తుంది. 5 బార్ సెండర్ అయిదుకే 180 ఓమ్‌లు ఇచ్చేస్తుంది కాబట్టి 10 బార్ గేజ్ దాన్ని పది అని చూపిస్తుంది. అంటే అసలు ఎంతుందో దానికి దాదాపు రెట్టింపు. టెస్ట్ డ్రైవ్‌లో నాకు కనిపించిన అయిదు నిజానికి రెండున్నర. అది కూడా ఆయిల్ సగం వేడిలో ఉన్నప్పుడు.

ఇప్పుడు ఆ "ముందే వేడెక్కించి ఉంచాను" మాటకి రండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ని నా ముందు స్టార్ట్ చేస్తే ముల్లు పది దాటి పిన్నుకి కొట్టుకుంటుంది, దొంగతనం బయటపడుతుంది. ఆయిల్ బాగా వేడెక్కేదాకా తిప్పితే ముల్లు కిందకి జారిపోతుంది, అప్పుడూ బయటపడుతుంది. ఆ రెండింటికీ మధ్య ఉన్న ఆ కాసేపట్లో నాకు కారు చూపించాడు. ఆయిల్ టెంపరేచర్ గేజ్ బతికుంటే ఆయిల్ ఇంకా వేడెక్కలేదని నాకు తెలిసిపోయేది. అందుకే దాని వైరు ఊడదీసి, కొసకి టేపు చుట్టి, పక్కనున్న వైరింగ్‌తో కలిపి కట్టేశారు. టేపు విప్పి వైరు తగిలిస్తే గేజ్ చక్కగా పనిచేసింది. టెంపరేచర్ సెండర్‌లో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది. వైరు ఊడిపోతే గేజ్‌కి అది గడ్డకట్టే చలిలాగే కనిపిస్తుంది, ముల్లు అడుగునే ఉంటుంది. ఎవరికీ పనిచేయదట!

మెకానిక్‌ని పిలిచి, సెండర్ దగ్గర టీ అడాప్టర్ పెట్టి, వైర్లతో పని లేకుండా ఆయిల్ ఒత్తిడిని నేరుగా కొలిచే మెకానికల్ గేజ్ బిగించాం. ఆయిల్ 90 డిగ్రీలు దాటాక రెండు గేజ్‌లూ పక్కపక్కన చూశాం. ఐడ్లింగ్‌లో డ్యాష్‌బోర్డు 1.2 అంటోంది, మెకానికల్ గేజ్ 0.6. మెల్లగా 3000కి తీసుకెళ్తే డ్యాష్‌బోర్డు 2.8, అసలుది 1.4. మెకానిక్ ఇంకేం మాట్లాడకుండా తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు. ఇంత జరుగుతున్నా డ్యాష్‌బోర్డులో ఆయిల్ హెచ్చరిక ఎర్ర లైటు వెలగలేదు. చాలా కార్లలో ఆ లైటు స్విచ్ ప్రెషర్ అర బార్ లోపుకి పడిపోతేనే పనిచేస్తుంది. అది వెలిగేసరికి క్రాంక్‌షాఫ్ట్ తిరిగేచోట ఉండే బేరింగ్‌ల పని అయిపోయి ఉంటుంది.

ఆయిల్ దింపితే ఆముదంలా జారింది. కంపెనీ చెప్పిన గ్రేడ్ కంటే బాగా చిక్కటిది పోశారు. అరిగిన బేరింగ్ సందుల్లోంచి ఆయిల్ త్వరగా కారిపోకుండా, ప్రెషర్ కాస్త నిలబడినట్టు కనిపించడానికి ఇది పాత ఎత్తు. ఫిల్టర్ కోసి కాగితం మడతలు విప్పి చూస్తే రాగి రంగు రజను. అయస్కాంతం పెడితే అంటుకోలేదు, అంటే ఇనుము కాదు, బేరింగ్ పొర. సంప్ (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పాక రెండో కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగ్ షెల్ మీద బూడిద రంగు పై పొర మొత్తం పోయి కింది రాగి బయటపడి ఉంది. ఆ బేరింగ్‌లో తిరిగే క్రాంక్ జర్నల్ మీద గోరు పెట్టి లాగితే గీతల్లో గోరు ఆగుతోంది.

అప్పుడు అతనికి ఫోన్ చేశాను. నష్టం కంటే ఎక్కువ మండించింది ఈ ఫోనే.

మొదట "ఏ కారు?" అన్నాడు. చెప్పాను. సెండర్ మీద అచ్చు గురించి చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత, నిన్నటిదాకా మాటకి రెండుసార్లు సార్ అన్న మనిషి, "గేజ్ చూసింది నువ్వు. ప్రెషర్ ఇంత ఉందని నా నోటితో నేను చెప్పానా?" అన్నాడు. సెండర్ కొత్తదన్నారు కదా అంటే, "కొత్తదన్నాను. కొత్తదే. సరైనదన్నానా?" అన్నాడు.

కొత్తదన్నాను, సరైనదన్నానా! ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారని ఆ జవాబు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. పొరపాటున వేరే సెండర్ పడిందేమో, చెబితే ఏదో ఒక దారి చూస్తాడేమో అని అప్పటిదాకా నాలో ఏ మూలో ఉన్న ఆశ ఆ ఒక్క మాటతో పోయింది. వైరుకి టేపు ఎవరు చుట్టారని అడిగాను. "పాత కారు కొనేవాడికి దమ్ముండాలి" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

ఇది డబ్బు మోసం మాత్రమే అనుకోకండి. ఈ స్థితిలో ఉన్న ఇంజిన్‌ని హైవే మీద గట్టిగా తిప్పితే రాడ్ విరిగి బ్లాక్‌ని చీల్చుకుని బయటికి రావచ్చు. వేడి ఆయిల్ ఎగ్జాస్ట్ మీద పడితే మంట. టైర్ల కింద పడితే కారు అదుపులో ఉండదు. పక్కన ఇంట్లోవాళ్లు కూర్చుని ఉంటే? ఆ ముల్లుని నమ్మి నడిపేవాడికి ఒక్క హెచ్చరిక కూడా అందకూడదనే కదా ఇదంతా చేసింది. దాన్ని నేను మర్చిపోలేను.

ఇక మీరు చూడాల్సినవి. చల్లటి ఇంజిన్ చూపించమని ముందే అడగండి, వెళ్లగానే బానెట్ మీద, రాకర్ కవర్ (ఇంజిన్ పైమూత) మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆ రోజుకి తిరిగొచ్చేయండి. తాళం ఆన్ చేసి స్టార్ట్ చేయకముందు ఆయిల్ లైటు వెలగాలి, ముల్లు సున్నా మీద ఉండాలి. స్టార్ట్ చేశాక ప్రెషర్ ఎక్కడ ఆగుతుందో గుర్తుపెట్టుకోండి, అది రిలీఫ్ వాల్వ్ అంకెకి దగ్గరగా ఉండాలి. తర్వాత ఆయిల్ పూర్తిగా వేడెక్కేదాకా నడపండి. ఇక్కడే చాలామంది కూలెంట్ ముల్లు మధ్యకి రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటారు. నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, ఆయిల్‌కి దానికంటే చాలా ఎక్కువసేపు పడుతుంది. పైగా ఆ కూలెంట్ ముల్లు కూడా కొన్ని కార్లలో పూర్తి నిజం చెప్పదు. బీఎండబ్ల్యూ ఈ36, ఈ46 లాంటివాటిలో దాన్ని కావాలనే మధ్యలో నిలిపి ఉంచుతారు, చాలా డిగ్రీలు అటూ ఇటూ మారినా కదలదు. అందుకే ఆయిల్ టెంపరేచర్ గేజ్ ఉన్న కారులో అది పనిచేయడం లేదంటే చిన్న విషయంగా తీసుకోకండి. ఆయిల్ 90 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఐడ్లింగ్‌లో, 3000లో చూసిన ప్రెషరే అసలు ప్రెషర్. వేడెక్కాక ఐడ్లింగ్‌లో ముల్లు కాస్త కిందకి దిగడం సహజం, దానికి టెన్షన్ పడక్కర్లేదు. రైజ్ చేసినా లేవకపోతే పడాలి. మలుపులో ఒక్కసారిగా పడిపోతే ఆయిల్ సంప్‌లో ఒక పక్కకి పోయి పంపుకి గాలి అందుతోందని అర్థం, అది ఇంకో కథ.

అసలు కదలని ముల్లుని కూడా అనుమానించండి. 1995 నుంచి వచ్చిన మాజ్దా మియాటాలో ఆయిల్ గేజ్ ఉన్నట్టు కనిపిస్తుంది గానీ వెనకాల ఉన్నది ఆన్-ఆఫ్ స్విచ్. కాస్త ప్రెషర్ ఉంటే చాలు, ముల్లు మధ్యలోకి వచ్చి కూర్చుంటుంది. 1994 దాకా వచ్చినవాటిలో నిజమైన గేజ్ ఉండేది. ఆ కాలం ఫోర్డ్‌లు కొన్నింట్లోనూ ఇదే పద్ధతి. అది అమ్మేవాడి మోసం కాదు, కంపెనీయే అలా చేసింది. కానీ ఆ ముల్లుని చూపించి "ప్రెషర్ చూడండి ఎంత స్థిరంగా ఉందో" అనేవాడిని నమ్మకండి. గాలితో చల్లబడే ఇంజిన్ ఉన్న (ఎయిర్-కూల్డ్) పాత పోర్షే 911 చూడటానికి వెళ్తే, ఆయిల్ లెవెల్ గేజ్ నడుస్తున్నప్పుడు అడుగుకి పడిపోవడం మామూలే. వేడెక్కాక, చదునైన చోట, ఐడ్లింగ్‌లోనే దాన్ని చూడాలి. దాన్ని సాకుగా చూపి ధర పెంచేవాళ్లూ తగ్గించేవాళ్లూ ఉన్నారు.

సెండర్ మీద అచ్చు, గేజ్ స్కేలు రెండూ ఒకటేనా అని తప్పకుండా చూడండి. కనపడకపోతే ఫోన్ కెమెరా కిందకి పెట్టి ఫొటో తీయండి. అన్నిటికంటే మెకానికల్ గేజ్ వెంట పట్టుకెళ్లండి, అమ్మేవాడు బిగించనివ్వనంటే అదే మీకు జవాబు. అడాప్టర్లు కూడా రెండు మూడు రకాలు ఉంచుకోండి. ఎం10 థ్రెడ్ (మిల్లీమీటర్ల కొలత మర), 1/8 ఎన్‌పీటీ థ్రెడ్ (అంగుళాల కొలత పైపు మర) చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకదాంట్లో ఇంకోటి బలవంతంగా తిప్పితే బ్లాక్‌లో మరలు పోతాయి. సెండర్ బాడీయే ఎర్త్ అయ్యే రకాల్లో టెఫ్లాన్ టేపు ఎక్కువ చుట్టకండి, ఎర్త్ సరిగ్గా అందక రీడింగ్ తప్పు వస్తుంది.

ఇది రాస్తుండగానే అతను ఇంకో కారు ప్రకటన పెట్టాడని ఒకరు పంపించారు. మొదటి ఫొటో మళ్లీ మీటర్లదే, ఇంజిన్ ఆన్‌లోనే ఉంది, ఆయిల్ టెంపరేచర్ ముల్లు అడుగునే ఉంది. ఎవరైనా చూడటానికి వెళ్తుంటే చెప్పండి, నా దగ్గరున్న మెకానికల్ గేజ్, అడాప్టర్లు ఇస్తాను.