గబ్బిలం కొన్నాను, చదివాను, నా అభిప్రాయం

జాషువా గారి పద్యకావ్యం గబ్బిలం చిన్నప్పుడు పాఠంలో రెండు మూడు పద్యాలే చదివా, మొన్న పుస్తకాల షాపులో కనబడితే మొత్తం చదవాల్సిందే అని తెచ్చుకున్నా. ముందు ప్రింటింగ్ సంగతి చెప్తా, అక్షరాలు మరీ చిన్నవి, కష్టమైన మాటలకి అర్థాలు పద్యం కింద ఇవ్వకుండా చివర్లో ఇచ్చారు, ప్రతిసారీ వెనక్కి తిప్పుకోవాల్సొచ్చింది. పేపర్ మాత్రం బాగుంది.

ఇక కావ్యం... కాళిదాసు మేఘసందేశంలో యక్షుడికి కబురు పంపడానికి మేఘం దొరికితే ఇక్కడ అంటరానివాడికి దొరికింది గబ్బిలం, ఎందుకంటే గుళ్ళోకి అతన్ని రానివ్వరు గానీ గబ్బిలాన్ని ఎవరూ ఆపరు కదా, అది శివుడి దగ్గరే వేలాడుతూ ఇతని బాధ చెవిలో చెప్పొచ్చు, ఆ ఊహ దగ్గరే నాకు గొంతు పట్టేసింది. రాతిబొమ్మల పెళ్ళికి వందలు వేలు పోసే ఈ భరతభూమి పేదోడి ఖాళీ గిన్నెలో మెతుకు కూడా విదల్చదు అనే పద్యం ఉంది చూడండి, అది నాలుగుసార్లు పైకి చదువుకున్నా. ఇది వచ్చింది 1941లో, ఆ తర్వాత స్వతంత్రం వచ్చింది, 1950లో రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనం రద్దు అంది, అయినా మా వైపు ఊళ్ళలో ఇప్పటికీ శ్మశానాలు వేరే.

పద్యం అని భయపడకండి, పైకి చదివితే సగం అర్థం అదే తెలిసిపోతుంది. కావ్యానికి ఐదుకి ఐదు, ప్రింటింగ్‌కి మూడు. పెద్దక్షరాల ఎడిషన్ దొరికితే అది తీసుకోండి.