ఫస్టియర్‌లో తప్పుతున్న పిల్లాడికి ఎవరు మేలు: మెంటర్ సారా, హాస్టల్ సీనియరా?

ఇంజినీరింగ్ మొదటి సెమిస్టర్ ఫలితాలు రాగానే స్టాఫ్ రూమ్‌కి వచ్చే తల్లిదండ్రులది ఇంచుమించు ఒకటే మాట. "ఇంటర్‌లో తొమ్మిది వందల పైన తెచ్చుకున్నాడు సార్, ఇక్కడ నాలుగు సబ్జెక్టులు ఎలా పోయాయి?" ఇంటర్‌లో తెల్లారకుండానే లేపి, రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టినవాళ్లున్నారు. ఇక్కడ లేపేవాళ్లు లేరు. మరి ఆ పని ఎవరు చేయాలి?

కాగితం మీదైతే మెంటర్. ఇంజినీరింగ్ కాలేజీలకు నిబంధనలు పెట్టే ఏఐసీటీఈ లెక్కలో సుమారు 20 మంది పిల్లలకు ఒక అధ్యాపకుడు. నేనూ మెంటర్నే. దాచుకోవడం ఎందుకు, కాలేజీని పరిశీలించి గుర్తింపు ఇచ్చే నాక్ బృందం వచ్చే ముందు వారం పాత తేదీలు వేసి మెంటరింగ్ పుస్తకాల్లో సంతకాలు పెట్టినవాణ్ని.

నా గ్రూపులో ఒక కుర్రాడు ఉండేవాడు. ప్రభుత్వ జూనియర్ కాలేజీ, తెలుగు మీడియం. సెమిస్టర్ మధ్యలో పెట్టే మొదటి మిడ్ పరీక్షలో ఎం-1, అంటే మొదటి లెక్కల పేపర్, ఘోరంగా పోయింది. పిలిచాను. తల వంచుకుని నిలబడ్డాడు. "క్లాసులు మిస్ కాకు, బాగా ప్రాక్టీస్ చెయ్యి" అన్నాను. "సరే సార్" అన్నాడు. మూడు నిమిషాల్లో అయిపోయింది.

అసలు సంగతి పట్టుకున్నది వాడి పక్క గదిలో ఉండే థర్డ్ ఇయర్ అబ్బాయి. రాత్రి వాడి నోటుబుక్కు తిరగేస్తే ప్రతి ప్రశ్న కిందా పెన్సిల్‌తో తెలుగు మాటలు ఉన్నాయట. 'ర్యాంక్' దగ్గర 'కోటి' అని రాసుకున్నాడు. 'కన్సిస్టెన్సీ' దగ్గర మాత్రం ఖాళీ. అది ఇంటర్‌లో తాను చదువుకున్న 'సంగతం, అసంగతం' లెక్కేనని వాడికి తెలియలేదు. మాత్రికలన్నీ చకచకా చేయగలడు, ప్రశ్న ఏమడుగుతోందో తెలియక వదిలేశాడు. నా ముందు ఆ ముక్క చెప్పలేకపోయాడు. లుంగీ కట్టుకుని మంచం మీద కూర్చున్న సీనియర్‌కి చెప్పాడు.

నాకు తెలిసినంతలో అసలు తేడా ఇదే. తప్పుతున్నవాడు సిగ్గుపడి సార్ గది దాకా రాడు. సీనియర్ అయితే వాడున్న చోటికే వెళ్తాడు. ఐఐటీ బాంబేలో దీన్ని ఒక పద్ధతిగానే నడుపుతున్నారు. ఇన్‌స్టిట్యూట్ స్టూడెంట్ మెంటర్‌షిప్ ప్రోగ్రామ్ పేరుతో సీనియర్లను ఎంపిక చేసి, కొత్తగా చేరినవాళ్లను వాళ్లకు అప్పగిస్తారు.

అలాగని పిల్లాణ్ని పూర్తిగా సీనియర్ చేతిలో పెట్టడానికి నాకు భయమే. ఆ థర్డ్ ఇయర్ అబ్బాయే "డ్రాయింగ్ ఇప్పుడు వదిలెయ్, సప్లీలో కొట్టెయ్యొచ్చు" అని సలహా ఇచ్చాడు. సప్లీ అంటే తప్పినవాళ్లకు మళ్లీ పెట్టే పరీక్ష. అటెండెన్స్ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో మొత్తం మీద 75 శాతం హాజరు ఉండాలి. 65కి తగ్గకపోతే సరైన కారణం చూపించి, ఫీజు కట్టి కండోనేషన్, అంటే హాజరు తక్కువైనా మన్నింపు, తెచ్చుకోవచ్చు. 65 కన్నా తగ్గితే డిటెన్షనే, ఆ సెమిస్టర్ మళ్లీ చదవాల్సిందే. వీడిది 67 దగ్గర ఊగుతోంది. మధ్యలో టైఫాయిడ్ వచ్చి ఊరెళ్లాడు, మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలని తెలియదు. అది తెప్పించి, ఆఫీసులో కాగితాలు కదిపే పని సీనియర్ వల్ల కాదు, నేనే చేయాలి.

సప్లీకి పది రోజుల ముందు బయట చెప్పే ట్యూషన్ మూడో దారి. డబ్బు ఉంటే, ఒక్క సబ్జెక్టే మిగిలుంటే పనికొస్తుంది. నాలుగు పోయినవాడికి మాత్రం దండగ.

కాబట్టి సబ్జెక్టు అర్థం కాకపోతే సీనియర్ మేలు. రూల్స్, హాజరు, ఇంటి ఇబ్బంది, మనసు బాగోలేకపోవడం లాంటివైతే మెంటర్ దగ్గరికే రావాలి, అదీ మొదటి మిడ్ మార్కులు పడిన వారంలోనే. ఇప్పుడు నేను ఆ వారంలో ఒక సీనియర్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటున్నాను. "మార్కులెన్ని" అనడం మానేసి, "ఏ ప్రశ్న వదిలేశావు, పేపర్ చూపించు" అంటున్నాను.

ఆ కుర్రాడు ఎం-1 సప్లీలో గట్టెక్కాడు. డ్రాయింగ్ మాత్రం థర్డ్ ఇయర్ దాకా మెడకు వేలాడింది.