మెయిల్‌కి తాళం: 2012 నుంచి జీపీజీ వాడుతున్న నా అనుభవం

జీపీజీ అంటే మెయిల్‌ని అందుకునేవాడికి తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా మార్చే (ఎన్‌క్రిప్ట్ చేసే) సాఫ్ట్‌వేర్. ముందే చెప్పేస్తాను. ఇన్నేళ్లలో నేను ఎన్‌క్రిప్ట్ చేసి మెయిళ్లు పంపింది ఎంతమందికి అని లెక్కపెడితే ఒక చేతి వేళ్లు చాలు. అందులో ముఖ్యమైన మనిషి టొరంటోలో ఉండే మా అన్నయ్య. నా పొరపాట్ల వల్ల రెండుసార్లు గట్టి దెబ్బ తిన్నాను కూడా. అయినా మానలేదు.

మొదలైంది 2012లో. నాన్న పోయాక విశాఖ మధురవాడలో స్థలం తాలూకు కాగితాలన్నీ నా మీద పడ్డాయి. ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పాన్ కార్డులు, పవర్ ఆఫ్ అటార్నీ డ్రాఫ్టు, అన్నీ స్కాన్ చేసి అన్నయ్యకి మెయిల్ చేయాలి. "ఇవన్నీ ఉత్తి మెయిల్‌లో పంపకురా, జీపీజీ పెట్టుకో" అన్నాడు తను. పెద్దవాడి మాట కదా అని పెట్టుకున్నాను, అప్పటికి నాకు ఏమీ అర్థం కాలేదు.

నాకు అర్థమైన తీరులో చెప్తాను. సింహాచలంలో హుండీ ఉంటుంది కదా. అందులో ఎవరైనా వేయొచ్చు, వేసినవాడు కూడా తిరిగి తీయలేడు. తెరిచేది తాళంచెవి ఉన్నవాళ్లే. జీపీజీ మనకి రెండు కీలు చేసిస్తుంది. నా పబ్లిక్ కీ హుండీ లాంటిది, ఊరంతా పంచినా ఫర్వాలేదు. ప్రైవేట్ కీ దాని తాళంచెవి, నా దగ్గరే ఉండాలి, అదీ పాస్‌ఫ్రేజ్ (పొడవాటి పాస్‌వర్డ్) చాటున. సంతకం దీనికి తిరగేసిన పని. నా ప్రైవేట్ కీతో నేను సంతకం పెడతాను, నా పబ్లిక్ కీ ఉన్న ఎవరైనా సరిచూసుకోవచ్చు. మెయిల్లో ఒక్క కామా మారినా పట్టేస్తుంది.

ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ 1991లో మెయిళ్లకి ఇలా తాళం వేసే పీజీపీ అనే ప్రోగ్రామ్ రాసి బయటపెడితే, ఆయుధాల ఎగుమతి చట్టం కింద అక్కడి ప్రభుత్వం ఆయన మీద విచారణ నడిపి 1996లో వదిలేసింది. అదే పద్ధతిలో జర్మనీకి చెందిన వెర్నర్ కోఖ్ ఉచితంగా అందరికీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ జీనూపీజీ, మనం జీపీజీ అనేది. దాని 1.0 వచ్చింది 1999లో. నేను ఇప్పటిదాకా దీని మీద ఒక్క రూపాయి పెట్టలేదు. పోయిందల్లా ఆదివారాలు.

మొదటి ఆదివారం ఫింగర్‌ప్రింట్ (కీని గుర్తుపట్టే కోడు) సరిచూడటానికే సరిపోయింది. నాకు వచ్చిన కీ నిజంగా అన్నయ్యదేనా, మధ్యలో ఎవడైనా మార్చాడా అన్నది తేలాలంటే 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్ ఫోన్‌లో చదువుకోవాలి. అందులో అంకెలు కాక ఎ నుంచి ఎఫ్ దాకా ఆరే ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. కానీ అంత దూరం నుంచి బి, డి, ఈ అన్నీ ఒకేలా వినిపించేవి. చివరికి ఊరి పేర్లు పెట్టుకున్నాం: ఎ అనకాపల్లి, బి భీమిలి, సి చోడవరం, డి ద్వారకానగర్, ఈ ఎలమంచిలి, ఎఫ్ ఫిషింగ్ హార్బర్. "ఎలమంచిలి వైతో కదరా రాసేది" అని అన్నయ్య కాసేపు వాదన. ఇప్పటికీ కొత్త కీ చేసుకుంటే "ఏడు, భీమిలి, రెండు, చోడవరం" అనే చదువుకుంటాం.

ఇక దెబ్బల సంగతి. 2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుఫాను. పెదవాల్తేరులో మా ఇల్లు రెండో అంతస్తు. కిటికీ అద్దాలు పగిలి, మేం వంటింట్లో కూర్చుని ఉండగానే ముందు గదిలోకి వాన నీళ్లు వచ్చేశాయి. టేబుల్ సొరుగులో లాప్‌టాప్. దాని పక్కనే, అదే సొరుగులో, కీ బ్యాకప్ ఉన్న పెన్‌డ్రైవ్. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. రెండూ పోయాయి. ఇంట్లో కరెంటు లేదు, నీళ్లు లేవు, ఆ టెన్షన్‌లో కీ గొడవ ఎవడికి గుర్తుంటుంది. పది రోజుల తర్వాత కూర్చుని చూసుకుంటే, అన్నయ్య పంపిన పాత మెయిళ్లన్నీ ఉన్నాయి, ఒక్కటీ తెరుచుకోదు. ఫర్‌గాట్ పాస్‌వర్డ్ అని నొక్కడానికి ఇక్కడ ఎవరూ ఉండరు.

అంతకన్నా పెద్ద తలనొప్పి ఇంకోటి ఉంది. కీ పోతే "ఇది ఇక చెల్లదు" అని ప్రకటించడానికి రివొకేషన్ సర్టిఫికెట్ అని ఒకటి ముందే చేసి పెట్టుకోవాలి. చేశాను. ఎక్కడ దాచాను? ఆ లాప్‌టాప్‌లోనే. పైగా కీకి గడువు కూడా పెట్టలేదు. అప్పటి కీసర్వర్లలో (పబ్లిక్ కీలు అందరికీ దొరికేలా పెట్టే చోట) ఒకసారి ఎక్కిన కీని తీసేయడం ఉండదు. దాంతో ఆ చచ్చిన కీ ఏళ్ల తరబడి బతికే ఉంది. 2017లో కూడా ఒక పాత మిత్రుడు దానికే ఎన్‌క్రిప్ట్ చేసి పంపి, "జవాబు ఇవ్వవేం" అని అలిగాడు. 2019లో కొందరు ఆకతాయిలు ఆ సర్వర్లలోని కొన్ని కీలకి వేలకొద్దీ చెత్త సంతకాలు తగిలించి వాటిని వాడలేకుండా చేశారు. ఆ ఏడాదే కీస్.ఓపెన్‌పీజీపీ.ఆర్గ్ వచ్చింది. మన మెయిల్‌కి లింకు పంపి, మనం ఒప్పుకుంటేనే పేరు చూపిస్తుంది, వద్దంటే తీసేస్తుంది. నేనిప్పుడు అదే వాడుతున్నాను.

సంతకం గురించి ఊళ్లో జనానికి చెప్పడం ఇంకో కథ. నేను అన్ని మెయిళ్లకీ సంతకం పెట్టేవాణ్ణి. గాజువాకలో మా బాబాయ్ ఒకరోజు ఫోన్ చేసి, "ఏట్రా అది, నువ్వు మెయిల్ పెట్టినప్పుడల్లా ఏదో ఫైలొస్తంది, నొక్కితే ఓపెనవదు. వైరస్సా ఏటి?" అన్నాడు. ఆ సిగ్నేచర్ ఫైలు వాళ్ల ఫోన్లో ఉత్త అటాచ్‌మెంట్‌లా కనిపిస్తుంది మరి. మా ఆడిటర్ గారికేమో ఉత్సాహం ఎక్కువ. "మీకు డిజిటల్ సిగ్నేచర్ ఉందటగా, రిటర్నుకి అదే వాడేద్దాం" అన్నారు. ఆయన అడిగేది డీఎస్‌సీ, అంటే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. (మా ఇంట్లో డీఎస్సీ అంటే టీచర్ పోస్టుల పరీక్ష. మా ఆవిడ రెండుసార్లు రాసింది.) లెక్కల సూత్రం రెండింటికీ ఒకటే. కానీ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం 2000 ప్రకారం చెల్లాలంటే లైసెన్సు ఉన్న సర్టిఫైయింగ్ అథారిటీ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి, అది యూఎస్‌బీ టోకెన్‌లో వస్తుంది. నా సంతకానికి నేనూ, నన్ను ఎరిగినవాళ్లే సాక్ష్యం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో అది దేనికీ పనికిరాదు.

మరి ఎందుకు పనికొచ్చిందంటే, 2022లో స్థలం అమ్మాం. అన్నయ్య వాటా తన ఎన్‌ఆర్‌ఓ అకౌంట్‌కి (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడి బ్యాంకులో ఉండే అకౌంట్) వేయాలి. ముందు రోజు సాయంత్రం అన్నయ్య అడ్రసు నుంచే మెయిల్ వచ్చింది: ఆ అకౌంట్‌లో ఏదో సమస్య ఉంది, ఇంకో అకౌంట్‌కి వెయ్యి, నంబరు ఇదీ అని. మా పాత సంభాషణ కిందే వచ్చింది, స్థలం వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. లేనిదల్లా సంతకం. నేను మెయిళ్లు చదివే థండర్‌బర్డ్ ప్రోగ్రామ్‌లో పై మూలన రోజూ కనిపించే చిన్న గుర్తు అక్కడ లేదు. డబ్బు మాట ఉన్న మెయిల్‌కి సంతకం తప్పనిసరి అని మేం ఎప్పుడో అనుకున్నాం. అన్నయ్య మామూలు కబుర్లకి సంతకం మర్చిపోతాడు కానీ దీనికి మర్చిపోడు. నిద్ర లేపి అడిగితే "నేనెక్కడ పంపాన్రా" అన్నాడు. ఎక్కడో వాడిన పాస్‌వర్డే మెయిల్‌కీ పెట్టుకున్నాడు, ఎవడో దూరాడు.

ఆ దొంగ మెయిల్‌బాక్స్ మొత్తం చూసే ఉంటాడు. డాక్యుమెంట్లు, పాన్, ఆధార్ స్కాన్లు ఉన్న మెయిళ్లు మాత్రం వాడికి అర్థంలేని అక్షరాల ముద్దలే. ప్రైవేట్ కీ అన్నయ్య లాప్‌టాప్‌లో ఉంది, మెయిల్ సర్వర్లో లేదు. స్కాన్లు ఉన్న మెయిళ్లలో వాడికి దొరికింది ఒక్కటే. 2020లో నా రెండో కీకి గడువు పొడిగించడం మర్చిపోయాను. గడువు తీరిన కీకి ఎన్‌క్రిప్ట్ కాదు కదా. అన్నయ్య ఏం చేశాడో తెలుసా? "నీ కీ ఎక్స్‌పైర్ అయింది, అందుకని ఇలా పంపుతున్నా" అని పాస్‌పోర్టు స్కాన్ మామూలు మెయిల్‌లో పంపేశాడు. అదొక్కటీ వాడి చేతిలో పడింది. తర్వాత పాస్‌పోర్టు మార్చుకోవాల్సి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, మొదట్లో థండర్‌బర్డ్‌కి జీపీజీ కోసం ఎనిగ్‌మెయిల్ అనే యాడాన్ తగిలించుకునేవాళ్లం. 2020లో థండర్‌బర్డ్ 78 నుంచి ఓపెన్‌పీజీపీ (పీజీపీ పద్ధతికి ఉన్న ప్రమాణం) లోపలే వచ్చేసింది. వాడకం తేలికైంది, కానీ అది జీపీజీ కీలు వాడదు, సొంత పెట్టె పెట్టుకుంది. ప్రైమరీ పాస్‌వర్డ్ (థండర్‌బర్డ్‌కే పెట్టే పాస్‌వర్డ్) పెట్టుకోకపోతే మన కంప్యూటర్ తెరిచినవాడు మెయిళ్లన్నీ చదివేయొచ్చు. ఇది కొత్తవాళ్లకి గట్టిగా చెప్పాల్సిన మాట. 2018 మేలో, హెచ్‌టీఎంఎల్, బయటి బొమ్మల ద్వారా ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్‌ని బయటికి లాగే ఈఫెయిల్ లోపం బయటపడినప్పటి నుంచి మెయిల్లో బయటి బొమ్మలు లోడ్ కాకుండా ఆపేశాను, హెచ్‌టీఎంఎల్ కూడా వద్దనుకున్నాను. ఫోన్లో మొదట కే-9 అనే మెయిల్ యాప్, ఇప్పుడు దాని నుంచే పుట్టిన ఆండ్రాయిడ్ థండర్‌బర్డ్, పక్కన కీలు చూసుకునే ఓపెన్‌కీచైన్. పని జరుగుతుంది, అంతే. 2024లో ఓపెన్‌పీజీపీకి కొత్త ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 9580 వచ్చింది, కానీ జీనూపీజీ వాళ్లు అప్పటికే లిబ్రేపీజీపీ అని వేరే దారి పట్టారు. ఈ దాయాదుల పోరు ఎటు తిరిగినా నష్టం మనలాంటి వాళ్లకే.

చిరాకులు లేకపోలేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిళ్లలో వెతకడం కుదరదు. ఇప్పుడు సబ్జెక్టు కూడా దాచేస్తోంది కాబట్టి వెబ్‌లో చూస్తే మూడు చుక్కలే కనిపిస్తాయి. పాలసీ నంబరు ఒకటి వెతకడానికి ఒక పూటంతా పట్టింది. ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్నది ఎలాగూ దాగదు. ప్రైవేట్ కీ బయటపడితే పాత మెయిళ్లన్నీ ఒక్కసారే బయటపడతాయి. ఈ విషయంలో వాట్సాప్, సిగ్నల్ చాలా మెరుగు. కబుర్లకి అవి చాలు, నేనూ అవే వాడతాను. అవతల ఒక్క మనిషైనా మీతో సమానంగా తంటాలు పడేవాడు లేకపోతే జీపీజీ జోలికి పోకండి. పదేళ్ల తర్వాత కూడా "ఈ మాట తనే రాశాడు" అని చూసుకోవాల్సిన మెయిళ్లు ఉంటే మాత్రం దీన్ని మించింది నాకు దొరకలేదు.

ఇప్పుడున్నది మూడో కీ, 2021లో చేసింది. ఈడీ25519 రకం కాబట్టి పొట్టిగా ఉంటుంది. పేపర్‌కీ అనే ప్రోగ్రామ్‌తో కాగితం మీద అచ్చు వేస్తే సగం పేజీ కూడా పట్టలేదు. సముద్రపు గాలికి పెన్‌డ్రైవ్‌ల మూతులు తుప్పు పడతాయి కానీ కాగితానికి ఆ బాధ లేదు. ఒక కాపీ బీరువాలో పట్టుచీరల మధ్య, రివొకేషన్ సర్టిఫికెట్‌తో సహా ఇంకోటి బ్యాంకు లాకర్లో.

గడువు రెండేళ్లకోసారి నవంబరులో తీరుతుంది. ఫోన్ రిమైండర్ మీద నాకు నమ్మకం పోయింది. అందుకే కేలండర్ మారిన రోజే గోడ మీద ఆ తేదీ గడిలో ఎర్ర పెన్నుతో "కీ" అని రాసి పెడుతున్నాను. మా ఆవిడ మొన్న దాని ముందు నిలబడి, "ఇదేం పండగండీ, ఉపవాసం ఉండాలా?" అని అడిగింది.