మదురైలో గోపురం కనిపించే గది మాట నమ్మకండి

మదురై వెళ్తున్నారా? గుడి పక్కనే గది, కిటికీలోంచి గోపురం అని ఎవరైనా ఊరిస్తే ముందే డబ్బు కట్టకండి. మా దగ్గర రోజుకి 2,200 తీసుకున్నారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ జనరేటర్, దాని పొగ. ఫోన్లో ఇరవై నాలుగు గంటల చెకౌట్ అన్నవాళ్లే మర్నాడు పదకొండింటికి తలుపు కొట్టి, పన్నెండు దాటితే సగం అద్దె కట్టాలన్నారు. అదనపు పరుపుకి ఇంకో 500. బిల్లడిగితే తెల్లకాగితం మీద గీకిచ్చారు. వేడినీళ్లు ఆరున్నరకే బంద్. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు చన్నీళ్లే పోసుకుని, మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది.

స్టేషన్ దగ్గర వెస్ట్ పెరుమాళ్ మేస్త్రి వీధికి మారాం. 1,400కి శుభ్రమైన గది, లిఫ్ట్, వేళాపాళా లేకుండా వేడినీళ్లు. గుడికి నడిచే వెళ్లొచ్చు, ఆటో దండగ.

గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, నిక్కర్లతో రానివ్వరు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి నాలుగు దాకా మూసేస్తారు. పొద్దున దర్శనం బాగానే అయింది. కానీ అసలు చూడాల్సింది రాత్రి తొమ్మిది దాటాక జరిగే పళ్లియరై పూజ, అంటే పవళింపు సేవ. సుందరేశ్వరుడి పాదాల్ని పల్లకిలో పెట్టుకుని, నాదస్వరంతో మీనాక్షమ్మ సన్నిధికి తీసుకొస్తారు. ఆ గుమ్మం ముందు పల్లకి ఆపి వింజామర వీస్తుంటే సాంబ్రాణి పొగ, మల్లెల వాసన కలిసి మొహానికి తగిలాయి. మా అత్తగారు మోకాళ్ల సంగతే మర్చిపోయి మునివేళ్ల మీద నిలబడి చూశారు. పల్లకి లోపలికి వెళ్లాక నా చెయ్యి పట్టుకుని, "రేపు కూడా వద్దామమ్మా" అన్నారు.

1636లో కట్టిన మదురై రాజు తిరుమల నాయకుడి మహల్ ఒక గంటలో అయిపోతుంది. గాంధీ మ్యూజియం మాత్రం తీరిగ్గా చూడండి. అది ఒకప్పుడు మదురైని ఏలిన మన తెలుగింటి రాణి మంగమ్మ ప్యాలెస్. చివరిసారి గాంధీ ఒంటి మీదున్న, నెత్తుటి మరకల వస్త్రం అక్కడ ఉంది.

టాక్సీవాళ్లు రామేశ్వరం కూడా ఒక్కరోజులో తిప్పుతామంటారు. ఒప్పుకోకండి. పోనూరానూ మూడొందల కిలోమీటర్ల పైమాటే. తిరిగొచ్చేసరికి పల్లకి లోపలికి వెళ్లిపోయి ఉంటుంది.