ట్రెడ్‌మిల్, నాలుగేళ్ల వాడకం తర్వాత: క్యాలరీల లెక్కలో పరుగుకి సాటి ఏది?

క్యాలరీలు కరిగించడానికే ట్రెడ్‌మిల్ కొనేవాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. తెర మీద వచ్చే క్యాలరీల అంకెను నమ్మొద్దు. బరువెంతో అడగని మిషనుకి 55 కిలోల మనిషీ 90 కిలోల మనిషీ ఒకటే. దానికంటే చేత్తో వేసుకునే లెక్క నయం. చదునుగా పరిగెత్తితే కిలో బరువుకి, కిలోమీటరుకి సుమారు 1 క్యాలరీ. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో అరగంట పరిగెత్తే 70 కిలోల మనిషికి అటూ ఇటూగా 280–300. అదే మనిషి అదే అరగంట 5.5 వేగంతో నడిస్తే 130 కూడా దాటదు.

అయితే పట్టాను 10 శాతం ఏటవాలుగా పెట్టి అదే 5.5 వేగంతో నడిస్తే లెక్క 290 దగ్గరకు వస్తుంది! అరగంటలో ఒంటి బరువును 275 మీటర్ల ఎత్తుకి మోసినట్టు మరి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎగిరి పడటం ఉండదు కాబట్టి మోకాళ్ల మీద దెబ్బ తక్కువ, పిక్కల మీద భారం ఎక్కువ. ముందువైపు కడ్డీ పట్టుకుని వెనక్కి వాలారా, బరువులో కొంత చేతులు మోసేస్తాయి, లెక్క పడిపోతుంది. పట్టుకోకుండా నడవలేకపోతే వాలు 6కి దించండి. 225 వస్తుంది, అదైనా నిజమైన 225.

ఇళ్లలో వాడే మిషన్ల మీద ‘లెవెల్ 3’ అని ఉంటే అది 3 శాతమని కాదు. టేపుతో కొలవాలి. పట్టా అంచున 100 సెంటీమీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి, నేల నుంచి రెండింటి ఎత్తూ చూడండి. తేడా ఎన్ని సెంటీమీటర్లో దాదాపు అన్ని శాతం.

వేగమూ అంతే. పట్టా మీద సుద్దతో గీత గీసి, ఒకరు నడుస్తుండగా ఇంకొకరు 20 చుట్లు లెక్కపెట్టాలి. పట్టా మొత్తం చుట్టుకొలత (పైనా కిందా కలిపి) 2.8 మీటర్లయితే 8 వేగానికి 25 సెకన్లు పట్టాలి. 28 పడితే మీరు పరిగెత్తేది 7.2తోనే. చాలాసార్లు కారణం పట్టా కింద నూనె ఆరిపోవడం. సిలికాన్ ఆయిలే వేయాలి, కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పనికిరావు. పట్టా ఎడమకి జరుగుతుంటే వెనక ఎడమ బోల్టును పావు చుట్టు బిగించి, ఖాళీగా ఒక నిమిషం తిరగనిచ్చి చూడండి. ఒకేసారి ఎక్కువ తిప్పితే కుడివైపుకి పరిగెడుతుంది.

తాడాట నిమిషానికి 13–14 క్యాలరీలు తీస్తుంది, పరుగు కంటే ఎక్కువే. కానీ ఆగకుండా అరగంట ఎగరగలిగేవాళ్లు అరుదు. నిమిషం ఆట, అర నిమిషం విరామం లెక్కన అరగంటకు పరుగుతో సమానమవుతుంది, అంతే. ఎక్సర్‌సైజ్ సైకిలు 100 వాట్ల దగ్గర 225 ఇస్తుంది. బరువు సీటు మోస్తుంది కాబట్టి మోకాళ్లకు సుఖం. వాట్లు చూపించని సైకిలైతే లెక్క మళ్లీ ఊహే.

కొనేముందు మోటారు హార్స్‌పవర్ కంటే వాలు సంగతి అడగండి. పిన్ను మార్చి వాలు పెట్టే రకం చవకే, కానీ నడుస్తూ మార్చలేరు. నా ఓటు బటన్‌తో 10 శాతం దాకా లేచే దానికే.