శ్రీశైలం దారిలో కారు మ్యాపా, ఫోన్ మ్యాపా?

హైదరాబాద్ నుంచి శ్రీశైలం సుమారు 215 కిలోమీటర్లు. తుక్కుగూడ దగ్గర ఔటర్ దిగితే కడ్తాల్, డిండి, మన్ననూరు, దోమలపెంట మీదుగా డ్యామ్ దాకా దాదాపు ఒకటే రోడ్డు. "దీనికి మ్యాప్ ఎందుకురా, బస్సు వెనకాల పోతే సరిపోదూ?" అంది అమ్మ. తమ్ముడి కొత్త కారులో కంపెనీ బిగించి ఇచ్చిన నావిగేషన్ ఉంది. ఫోన్ ఎలాగూ ఉంది. రెండూ ఆన్ చేసే బయల్దేరాం.

ఊరు దాటేదాకా ఫోన్‌దే పైచేయి. మెహిదీపట్నం దగ్గర ఎక్కి ఆరాంఘర్ దగ్గర దిగే పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద మాత్రం కాసేపు తికమకపడింది. మనం పైన ఉంటే కింద పిల్లర్ల మధ్య యూటర్న్ తీసుకోమంటుంది. అయినా ఎక్కడ జామ్ అయిందో అప్పటికప్పుడు చెప్పేది అదే. కారు స్క్రీన్‌కు ట్రాఫిక్ సంగతే పట్టదు, దానికి అన్ని రోడ్లూ ఖాళీయే. పేరు వెతకడం ఇంకో ప్రహసనం. సుండిపెంట అనీ రాస్తారు, సున్నిపెంట అనీ రాస్తారు. ఫోన్‌లో ఎలా కొట్టినా దొరికింది. కారులో ఒక్కో అక్షరం నొక్కి మూడు స్పెల్లింగులు మార్చాక గానీ పలకలేదు.

అసలు పరీక్ష మన్ననూరు చెక్‌పోస్టు దాటాక. అక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. దోమలపెంట వచ్చేదాకా మా ఫోన్లలో సిగ్నల్ వస్తూ పోతూ, ఎక్కువసేపు పోతూనే ఉంది. ఇక్కడ చాలామంది పొరపడే సంగతొకటి: జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, నేరుగా శాటిలైట్ల నుంచే అందుతుంది. నెట్ కావలసింది మ్యాప్ బొమ్మకూ, దారి లెక్కకూ. అందుకే ముందే వేసుకున్న రూట్ సిగ్నల్ పోయినా నడుస్తూనే ఉంది. మధ్యలో టీకి ఆగినప్పుడు బామ్మర్ది యాప్ మూసేశాడు. మళ్లీ తెరిస్తే తెల్లటి తెర మీద నీలం చుక్క ఒక్కటే, చుట్టూ రోడ్డన్నది లేదు. కారులో మ్యాప్ మొత్తం లోపలే నిల్వ ఉంటుంది కాబట్టి, ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా వంపు వంపుకూ ముందే చెబుతూ వచ్చింది. ఘాట్‌లో తర్వాతి మలుపు ఎంత బిగువో స్క్రీన్ మీద కనబడటం డ్రైవింగ్ చేసేవాడికి ఎంత ధైర్యమో!

అయితే దీనికి విరుగుడు ఫోన్‌లోనే ఉంది. గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం మొత్తాన్ని ఇంట్లో వైఫై ఉండగానే ఆఫ్‌లైన్‌గా దించుకుంటే అడవిలోనూ ఫోనే కారు దారి చూపిస్తుంది. ట్రాఫిక్ చూపించదు, అంతే. తిరుగు ప్రయాణానికి అలాగే చేశాం, ఇబ్బంది రాలేదు. ఇంకో సమస్య ఎండ. డ్యాష్‌బోర్డు మీద స్టాండ్‌లో పెట్టిన ఫోన్ వేడెక్కి వెలుతురు తగ్గించేసింది, చార్జింగ్ కూడా ఆగిపోయింది. ఏసీ గాలి తగిలేచోట బిగించాక గానీ కుదుటపడలేదు.

రెండూ మాకు చెప్పని ముఖ్యమైన విషయం గేటు. అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు, దోర్నాల వైపు నుంచి వచ్చినా అంతే. చేరే టైమ్ రాత్రి పన్నెండు గంటలని మ్యాప్ నిమ్మళంగా చూపిస్తూనే ఉంటుంది, మీరు మన్ననూరులో తెల్లారేదాకా కూర్చోవాలి. మధ్యాహ్నం రెండుకల్లా హైదరాబాద్ వదిలితే టెన్షన్ ఉండదు.

శ్రీశైలంలో దేవస్థానం గదులు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు, టూరిజం వాళ్ల హరిత హోటల్ కూడా ఉంది. మేం దిగింది ఓ సత్రంలో. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు మాత్రం పొద్దున కాసేపే. కారు మ్యాప్‌లో ఆ సత్రం పేరే లేదు. ఫోనేమో మమ్మల్ని తీసుకెళ్లి వెనక గోడ దగ్గర నిలబెట్టి "గమ్యం చేరుకున్నారు" అంది. పూలమ్మే ఆవిడను అడిగితే, "ఇది ఎనక పక్క నాయనా, అట్టా తిరుక్కోని నీళ్ల ట్యాంకు కాడికి పో" అని చెయ్యి చూపించింది. రెండు నిమిషాల్లో గేటు ముందున్నాం.

కారులో మ్యాప్ అప్‌డేట్‌లు కొన్నేళ్లే ఉచితమట, తర్వాత డబ్బు కట్టాలి. తమ్ముడు కట్టనంటున్నాడు. హైదరాబాద్‌లో తిరగడానికైతే నేనూ కట్టను. కానీ వాడు చలికాలంలో మారేడుమిల్లి, చింతూరు ఘాట్ అంటున్నాడు కాబట్టి, ఈ ఒక్క ఏడాదికి కట్టేయమన్నాను.