లాంగ్‌బోర్డు మీద మూడున్నరేళ్ళు

వైజాగ్‌లో ఉండే మా చిన్నాన్న కూతురు పోయిన వారం వాట్సాప్‌లో అడిగింది: "అక్కా, నీ బోర్డు లింక్ పంపవా, నేనూ కొనుక్కుంటా" అని. బోర్డంటే లాంగ్‌బోర్డు, నిలబడి కాలితో తోసుకుంటూ పోయే పొడుగు స్కేట్‌బోర్డు. లింక్ పంపడం నిమిషం పని. కానీ నా బోర్డులో కంపెనీ వాళ్ళు ఇచ్చినవంటూ ఇప్పుడు మిగిలింది చెక్క, ఇరుసులు అంతే. చక్రాలు మారాయి, ఇరుసుల మధ్య ఉండే బుష్షింగులు మారాయి, బేరింగులు రెండుసార్లు మారాయి, పైన గరుకు టేపు కూడా పీకేసి కొత్తది అంటించాను. ఆ లింక్ నొక్కితే దానికి వచ్చేది వేరే బోర్డు. అందుకే ఇంత రాయాల్సి వస్తోంది.

నేను మొదలుపెట్టింది నలభై ఒకటో ఏట. బరువు 64 కిలోలు. ఉద్యోగం రోజంతా కుర్చీలో కూర్చుని చేసేది. మెట్ల మీంచి దూకడాలు, రెయిలింగుల మీద జారడాలు నా వల్ల కావు, ఆ సరదా కూడా లేదు. సాయంత్రం గంటసేపు మొహానికి గాలి తగిలేలా వెళ్ళి వస్తే చాలు. దానికి కాలిఫోర్నియాలో మా ఊరు ఫ్రీమాంట్‌లో అలమీడా క్రీక్ ట్రైల్ ఉంది, అలమీడా అనే వాగు గట్ల మీద వేసిన బాట. నైల్స్ దగ్గర కొండల మొదట్లో బయల్దేరి శాన్‌ఫ్రాన్సిస్కో బే, అంటే సముద్రపు పాయ దాకా 12 మైళ్ళు. వాగుకి దక్షిణం గట్టు మీద తారు బాట, ఉత్తరం గట్టు మీద మట్టి బాట. గుర్రాల వాళ్ళు అటు, మేము ఇటు. కార్లు రావు. రోడ్డు అడ్డం వచ్చిన చోటల్లా బాట వంతెన కిందకి దిగి మళ్ళీ పైకి ఎక్కుతుంది. నేను నేర్చుకున్నది ఎక్కువగా ఆ దిగుడుల్లోనే.

మొదటి బోర్డు డిస్కౌంట్‌లో వచ్చింది. 46 అంగుళాల పొడవు, చివర సన్నగా మొన తేలినట్టుండే పిన్‌టెయిల్ రకం. సముద్రంలో పొద్దుగుంకుతున్న బొమ్మ చూసి ముచ్చటపడి కొన్నాను. ఆ బొమ్మ బోర్డు కింది వైపు ఉంటుందని, ఎక్కి నిలబడ్డాక నాకు కనిపించదని కొన్నాక గానీ వెలగలేదు.

నాలుగు వారాలు దాని మీద కిందామీదా పడ్డాను. ఒక మైలు పోయేసరికి ఎడమ మోకాలు సలుపు. అలవాటు లేక అనుకున్నాను, వయసు అనుకున్నాను. అదేం కాదు, బోర్డు ఎత్తు. బోర్డు తోయడం అంటే ముందు కాలి మీద బరువంతా వేసి, ఆ మోకాలు వంచి, వెనక కాలు నేలకి అందించి తోయడం. ప్రతి తోపూ ఒంటికాలి మీద సగం గుంజీ. ఒకరోజు లెక్కపెట్టాను, మైలుకి రెండొందల పైచిలుకు తోపులు పడ్డాయి. అలిపిరి మెట్లు ఎక్కినవాళ్ళని అడగండి, మెట్టు ఒక్క అంగుళం ఎత్తుగా ఉంటే ఏమవుతుందో. ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇది లెక్కే కాదు, అందుకే వీడియోల్లో ఆ కుర్రాళ్ళు ఈ మాట ఎత్తరు. వాళ్ళు స్పీడు గురించి చెప్తారు, చెక్క వంపుల గురించి చెప్తారు.

తర్వాత టేపు పెట్టి కొలిచాను. ఆ పిన్‌టెయిల్ మీద నిలబడితే పాదం నేలకి ఐదు అంగుళాలకి కాస్త తక్కువలో ఉంటుంది. ఇప్పుడున్నదాని మీద మూడున్నర. తేడా అంగుళంన్నర కూడా లేదు. కానీ స్టూలు మీంచి దిగడానికీ పీట మీంచి దిగడానికీ ఉన్నంత తేడా తెలుస్తుంది.

ఈ ఎత్తు ఎక్కడి నుంచి వస్తుందంటే, ట్రక్కులు బిగించిన తీరు నుంచి. ట్రక్కులంటే లారీలు కావు, చక్రాలు తగిలించే లోహపు ఇరుసులు. మామూలుగా వాటిని చెక్క కింద బిగిస్తారు, దాన్ని టాప్‌మౌంట్ అంటారు. డ్రాప్‌త్రూ అని ఇంకో పద్ధతి ఉంది. చెక్క రెండు కొసల్లో కంతలు కోసి, ట్రక్కుని అందులోంచి దూర్చి, పై నుంచి బిగిస్తారు. కనీసం చెక్క మందం ఎంతో అంతా కిందకి దిగుతుంది. నా రెండో బోర్డు ఆ రకం, 38 అంగుళాలు, పైగా నడుమ భాగాన్ని ఇంకాస్త కిందకి దించి చేశారు. దీనికి ఖరీదు ఉంది, డబ్బు కాదు, మలుపు. టాప్‌మౌంట్ బోర్డు ఒరిగితే చటుక్కున తిరుగుతుంది, డ్రాప్‌త్రూ నింపాదిగా తిరుగుతుంది. సందుల్లో తిరిగేవాళ్ళకి అది చికాకే. తిన్నటి బాట మీద పోయే నాకు ఆ నింపాదే హాయిగా ఉంది.

ఇక చక్రాలు. రెండో నెలలో, ఇంకా పిన్‌టెయిల్ మీద ఉన్నప్పుడే పడ్డాను. జామాయిల్ చెట్టు కింద పోతున్నాను. ఆ చెట్టు కాయలు బొత్తాలంత ఉంటాయి, రాయంత గట్టి. ముందు చక్రం కింద ఒకటి పడింది. బోర్డు టక్కున ఆగింది, నేను ఆగలేదు. రెండు అరచేతులూ తారు మీద ఈడ్చుకుపోయాయి, కుడి మణికట్టు బెణికి మూడు వారాలు మౌస్ ఎడమ చేత్తో పట్టుకున్నాను. మీటింగుల్లో ఎవరైనా అడిగితే "మెట్ల మీద జారాను" అని చెప్పాను.

ఆ చక్రాలు చిన్నవి, ప్లాస్టిక్ లాగా గట్టివి. గులకరాయికి బోర్డు ఆగిపోవడం ఈ ఆట పుట్టినప్పటి నుంచీ ఉన్న బాధే. మొదట్లో ఇనుప చక్రాలు, తర్వాత మట్టి కలిపి చేసిన క్లే చక్రాలు ఉండేవి. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ అనే ఆయన యూరిథేన్ చక్రాలు స్కేట్‌బోర్డుకి తెచ్చాక గానీ మామూలు రోడ్డు మీద జనం నిశ్చింతగా తిరగలేదు. యూరిథేన్‌లోనూ మెత్తనివి, గట్టివి ఉంటాయి. చక్రం మీద 78ఏ, 80ఏ, 99ఏ అని రాసి ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ గట్టిదనం. మా అబ్బాయి పార్కుకి తీసుకెళ్ళే స్కేట్‌బోర్డుకి 99ఏ, 53 మిల్లీమీటర్లు. ఆ బోర్డుతో మా వీధి పేవ్‌మెంట్ మీద ఒకసారి వెళ్ళాను, పళ్ళు టకటకలాడాయి. నేను వేసుకున్నవి ఒరాంగటాంగ్ వాళ్ళ ఇన్ హీట్, 75 మిల్లీమీటర్లు, నారింజ రంగువి, 80ఏ. చిన్న రాళ్ళు, పగుళ్ళు, చెట్ల వేర్లకి లేచిన తారు, అన్నీ గడగడమని దాటేస్తాయి. రెండున్నరేళ్ళలో ఈ చక్రాల మీద ఒక్కసారి కూడా రాయికి ఆగి పడలేదు. పడ్డ మిగతా రెండుసార్లూ నా స్వయంకృతం.

పెద్ద చక్రాలు కొనేముందు ఒకటి చూసుకోవాలి. బోర్డు బాగా ఒరిగినప్పుడు చక్రం చెక్కకి తగిలితే వీల్‌బైట్ అంటారు, నిజంగానే కొరికి పట్టుకుంటుంది, మనిషి ఎగిరి పడతాడు. నా బోర్డుకి చక్రాల దగ్గర చెక్క లోపలికి కోసి ఉంది కాబట్టి ఆ బెడద లేదు. పిన్‌టెయిల్‌కి ఇవే వేసి చూస్తే ఒరగగానే రాసుకున్నాయి.

బుష్షింగుల సంగతి షాపులో ఎవరూ చెప్పలేదు. ట్రక్కు మధ్యలో బొటనవేలి కణుపంత ఉండే రబ్బరు లాంటి ముక్కలు ఇవి, ట్రక్కుకి రెండు. మనం ఒరిగితే ఎంత తిరగాలి, ఎంత బలంగా వెనక్కి రావాలి అనేది వీటి చేతిలోనే ఉంటుంది. కంపెనీ వాళ్ళు సగటు మగవాడి బరువుకి వేసి పంపుతారు. నావి 90ఏ వచ్చాయి. నా బరువుకి అవి వంగనే వంగలేదు. తిరగడం లేదని నట్టు వదులు చేస్తూ పోయాను. డెకోటో రోడ్డు కింద దిగుడులో ఫలితం కనిపించింది. కాస్త వేగం అందుకోగానే బోర్డు కుడికీ ఎడమకీ ఊగడం మొదలుపెట్టింది. స్పీడ్ వాబుల్ అంటారు దీన్ని. భయంతో వెనక్కి వాలాను, అది ఇంకా ఊగింది. గడ్డిలోకి దూకేశాను. స్కూటర్ వెనక గ్యాస్ సిలిండర్ పెట్టుకుని వెళ్ళినవాళ్ళకి హ్యాండిల్ ఎలా తేలిపోతుందో తెలుసు కదా, అదే ఇది. బరువు ముందు కాలి మీద ఉండాలి. నట్టు వదులు చేయడం దీనికి మందు కాదు. 85ఏ బుష్షింగులు తెప్పించి, నట్టు సరిగ్గా బిగించాను. పది డాలర్ల చుట్టూ అయింది. బోర్డు మొత్తంలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత గిట్టుబాటైంది ఇంకోటి లేదు. 80 కిలోలు దాటినవాళ్ళయితే వచ్చినవే ఉంచుకోవచ్చు, ఇంకా గట్టివి కూడా అవసరం పడొచ్చు.

ఆపడం గురించి. సైకిల్‌కి ఉన్నట్టు బ్రేకు ఉండదు. వెనక కాలు దింపి అరికాలు నేలకి రాపాడించాలి. బోర్డు కిందకి ఉంటే ఇదీ సులువే, ఎత్తుగా ఉంటే ఇదీ కష్టమే. నా కుడి కాలి బూటు ఆర్నెల్లకి చిల్లు పడుతుంది, ఎడమ కాలిది కొత్తదిలాగే ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో ఎడమ బూట్లు పోగుపడ్డాయి, పారేయడానికి మనసు రావడం లేదు. పరిగెత్తే బూట్లు వద్దు, మడమ ఎత్తుగా ఉండి పాదానికి చెక్క తెలియదు. చదును అడుగు ఉన్నవే వేసుకోండి. కాలిఫోర్నియాలో పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలకే హెల్మెట్ చట్టం. మనకి చట్టం లేకపోయినా తలకాయ ఉంది. మణికట్టుకి గార్డులు నేను పడ్డ మర్నాడే కొన్నాను.

బేరింగుల మీద జనం పెట్టే టెన్షన్ నాకు అర్థం కాదు. ఏబెక్ 7, ఏబెక్ 9 అని పెద్ద అంకె ఉంటే బోర్డు దూసుకుపోతుందనుకుంటారు. ఆ అంకె బేరింగు ఎంత కొలతగా తయారైందో చెప్తుంది, అంతే. మనం వెళ్ళే వేగానికి తేడా తెలియదు. అన్నీ 608 సైజే, లోపల 8, బయట 22 మిల్లీమీటర్లు. పిల్లలు వేలి మీద తిప్పుకున్న స్పిన్నర్లలో ఉన్నదీ ఇదే. నాకు మొదటి సెట్ వాన తడికి తుప్పు పట్టి పోయింది. చలికాలం వానలకి వంతెనల కింద బురద నిలుస్తుంది, ఒక్కసారే కదా అని అందులోంచి పోయాను. తడిస్తే ఆ రాత్రే విప్పి తుడిచి, ఆల్కహాల్‌లో కడిగి, ఆరాక చుక్క నూనె వేయాలి. నేను వారం ఆగాను, గరగరలాడటం మొదలైంది.

రెండో సెట్ కడుగుతున్నప్పుడు అమ్మ ఇక్కడే ఉంది. స్టీలు గిన్నెలో బేరింగులు చూసి "ఇవి మీ మావయ్య బండివి కదే" అంది. తెనాలిలో మావయ్య చిన్నప్పుడు మెకానిక్ షాపులో పాత బేరింగులు అడుక్కొచ్చి, పలక కింద కర్రలకి తొడిగి బండి చేశాడట. డాబా మీద నుంచి ర్యాంపు లాంటిది దిగి పన్ను విరగ్గొట్టుకున్నాడట. "వాడికి పదేళ్ళప్పుడు, నీకు ఎన్నేళ్ళే?" అని అడిగింది. తర్వాత పెరట్లో గడ్డి మీద బోర్డు పెట్టి నా భుజం పట్టుకుని ఎక్కి నిలబడింది. గడ్డి మీద చక్రాలు కదలవు. కొత్తవాళ్ళు మొదటి రెండు రోజులు అలా నిలబడి మోకాళ్ళు వంచడం అలవాటు చేసుకుంటే మంచిది.

నచ్చనివి కూడా చెప్పాలి. బోర్డు బరువు మూడున్నర కిలోల పైనే, చేత్తో పట్టుకుని షాపులోకి వెళ్తే పక్కవాళ్ళ మోకాళ్ళకి తగులుతుంది. వెనక తోక లేదు కాబట్టి చోటు చాలక వెనక్కి తిప్పాలంటే దిగి ఎత్తి తిప్పాల్సిందే. వచ్చిన గరుకు టేపు ఏడాదిన్నరకే ముందు కాలి దగ్గర అరిగి నున్నగా అయింది. చెక్క వెదురు, మేపుల్ కలిపింది, కొంచెం సాగుతుంది. నా బరువుకి ఆ ఊపు బాగుంటుంది, మా ఆయన ఎక్కితే ఉయ్యాల బల్లలా వంగుతుంది. చెక్క ఎంత వంగాలో కంపెనీలు బరువుని బట్టి రకాలు చేస్తాయి, ఆ పట్టిక చూసుకోండి. 28, 30 అంగుళాల బుల్లి స్కేట్‌బోర్డులు, క్రూయిజర్లంటారు, రైల్లో పట్టుకెళ్ళడానికి బాగుంటాయి గానీ వాటి మీద నేర్చుకోవద్దు. మోటారు బోర్డుల సంగతి నన్ను అడగొద్దు.

సాయంత్రాలు మా బాట మీద బే వైపు నుంచి ఎదురుగాలి. బే ఒడ్డున ఉన్న కొయోటి హిల్స్ కొండల వైపు వెళ్ళేటప్పుడు వంగి తోసుకుంటూ పోవాలి. వచ్చేటప్పుడు చొక్కా తెరచాపలా పొంగి, చాలా దూరం కాలు దించకుండానే తీసుకొస్తుంది. అందుకే ముందు గాలికి ఎదురెళ్తాను.

మా చెల్లికి వైజాగ్ బీచ్ రోడ్డు ఉంది, పొద్దున్నే బండ్లని రానివ్వని టైములో బాగానే ఉంటుంది. కానీ ఇసుక బేరింగుల్లోకి పోతుంది, స్పీడ్‌బ్రేకర్ల దగ్గర దిగి నడవాల్సిందే. కిందకి ఉండే బోర్డు చూడు, చక్రాలు 70 మిల్లీమీటర్లకి తగ్గకుండా, 80ఏ లోపు ఉండేలా తీసుకో, బుష్షింగులు నీ బరువుని బట్టి మారుద్దాం అని రాశాను. "నీ బరువు చెప్పు, రోడ్డు ఫోటో పంపు" అన్నాను. రోడ్డు ఫోటోలు నాలుగు వచ్చాయి. బరువు ఇంకా రాలేదు.